పచ్చ బటన్ సంగతి మాకు తెలియదు

మా ఆఫీసులో పనిచేసేవాళ్లకు ఏమీ తెలియదని ఊళ్లో ఒక అభిప్రాయం ఉంది. అది ఊరికే వచ్చిన పేరు కాదు. దాని వెనక మా అందరి కష్టం ఉంది, పైఅధికారుల ప్రోత్సాహం ఉంది, ఏకంగా ఒక ప్రభుత్వ పథకమే ఉంది. తెలిసిన పనిని తెలియనట్టు ఉండటానికి ఎంత శ్రమపడాలో బయటివాళ్లకు అర్థం కాదు. వాళ్లు మమ్మల్ని తేలిగ్గా తిట్టిపోస్తుంటే కడుపు మండి ఇది చెబుతున్నాను.

మాది కాలువల శాఖ, కొమ్మలపూడి సబ్ డివిజన్. పెద్దకాలువలో వచ్చే నీళ్లను ఏ ఊరి తూముకు ఎప్పుడు వదలాలో చెప్పడం మా పని. ఆఫీసు నుంచి ఉత్తర్వు వెళితే తూము దగ్గరుండే లస్కరు చక్రం తిప్పుతాడు, నీళ్లు పొలాల్లోకి పారతాయి. వెళ్లకపోతే పారవు. ఉత్తర్వు లేకుండా చక్రం మీద చెయ్యి వేస్తే లస్కరు ఉద్యోగం పోతుంది. నా పేరు పరాంకుశం. అక్కడ సీనియర్ అసిస్టెంటుని. ఆ ఉత్తర్వులు తయారుచేసేది నేనే.

ఈ ఏడు వానాకాలం పంట మొదట్లో మా అందరికీ ట్యాబ్‌లు ఇచ్చారు. ఇచ్చినవాళ్లు ఇచ్చి ఊరుకోలేదు. దాన్ని పూర్తిగా వాడుకోవడం ఎలాగో నేర్పడానికి సమర్థతా విభాగం ప్రత్యేకాధికారి నిశాంతవర్మగారే రాజధాని నుంచి దిగివచ్చారు. ఆయన మైకు అందుకుని, "మిత్రులారా! ఈ పరికరంలో మీకు తెలిసినది అత్యల్పం. తెలియని లఘుమార్గాలు అవ్యక్తంగా, అంతర్లీనంగా, అహర్నిశలూ మీకోసం నిరీక్షిస్తున్నాయి" అన్నారు. మా ఆఫీసు పెద్ద, డి.ఇ. కోదండపాణిగారు చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టారు కాబట్టి మేమూ కొట్టాం.

నిజం చెప్పాలంటే ఆ శిక్షణ నాకు బాగా నచ్చింది. అంతకుముందు వరుస మధ్యలో ఒక అక్షరం తప్పుపడితే, దాన్ని పట్టుకోవడానికి నేను పేలు చూసినట్టు తెరమీద వేలుపెట్టి వెతుక్కునేవాణ్ణి. ఖాళీ కొట్టే కీ మీద వేలు నొక్కిపట్టి అటూ ఇటూ జరిపితే రాసేచోటు చూపే గీత ఎక్కడికి కావాలంటే అక్కడికి పోతుందట. మూడు వేళ్లతో ఉప్పు తీసినట్టు చిటికె పడితే రాసినది కాపీ అవుతుంది, ముగ్గు వదిలినట్టు వేళ్లు విప్పితే మరోచోట పడుతుంది. తప్పు చేశామనుకుంటే మూడు వేళ్లతో ఎడమకు తోస్తే చాలు, చేసినది చేయనట్టే. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఇంత దయగల యంత్రాన్ని నేను చూడలేదు.

మా ఎ.ఇ. హైమావతి ఇంకో అడుగు ముందుకు వేసింది. చిన్నది, చురుకైన పిల్ల. రెండక్షరాలు కొడితే పెద్ద వాక్యం దానంతట అదే పడేలా ట్యాబ్‌లో ఒక ఏర్పాటు ఉందని పట్టుకుంది. ఆ తరవాత నేను "నీవి" అని కొట్టగానే "నీటి విడుదల ఉత్తర్వు: దిగువ పేర్కొన్న షరతులకు లోబడి" అని మొదలై, షరతులన్నీ బారులు తీరి వచ్చి నిలబడేవి. ఊరి పేరు నింపి, అడుగున ఉన్న "పంపించు" అనే పచ్చ బటన్ నొక్కడమే నా పని. లస్కరు ఫోను మోగేది. పూటంతా పట్టే పని టీ చల్లారేలోపు అయిపోయేది.

అందుకు మొట్టమొదట ఆశ్చర్యపోయింది బత్తుల వజ్రమ్మ. మా శాఖలో చివరి భూములని ఒక మాట ఉంది. కాలువ చిట్టచివర ఉండే పొలాలు. పై ఊళ్లన్నీ తడుపుకున్నాక మిగిలితే వాళ్లకు నీళ్లు. ఆ చివరి భూముల్లోనూ చివరిది వజ్రమ్మ పొలం. మా వరండాలో బెంచీ మీద ఆమె కూర్చునే చోటు నున్నగా అరిగిపోయి ఉంటుంది. ఆ రోజు నారుమడికి నీళ్లడగడానికి వచ్చి, అలవాటు ప్రకారం అన్నం టిఫిన్ కూడా తెచ్చుకుంది.

"అయిపోయింది పెద్దమ్మా, వెళ్లండి" అన్నాను.

"ఏందీ అయిపోయింది? నేనింకా కూసోలేదు గదయ్యా."

"మీ తూముకు ఉత్తర్వు వెళ్లిపోయింది. మీరు వెళ్లేసరికి లస్కరు బాజీ చక్రం తిప్పుతుంటాడు."

ఆమె నా మొహంలోకి అనుమానంగా చూసింది. "పరాంకుశం బాబూ, నన్ను వదిలించుకోటానికి చెప్పట్లేదు గదా? ఇంటికెళ్లి చూస్తే నీళ్లు లేకపోతే మళ్లీ ఇంతదూరం వచ్చి నీతో తగాదా పెట్టుకోవాల."

తగాదాకు రాలేదు. మర్నాడు ఒక సొరకాయ పంపింది.

ఇలా అందరం సుఖంగా ఉన్న సమయంలో రాజధానిలో ఎవరికో ఆలోచన వచ్చింది. బాగా పనిచేస్తున్న ఆఫీసులన్నీ ఎవరికీ తెలియని లఘుమార్గాలు వాడటం వల్లే బాగుపడ్డాయని ఒక అధ్యయనం తేల్చింది. కనుక బాగుపడటానికి కారణం లఘుమార్గం కాదు, అది ఎవరికీ తెలియకపోవడం అని నిపుణులు నిగ్గుతేల్చారు. వెంటనే ఉత్తర్వు వచ్చింది.

కోదండపాణిగారు నన్ను పిలిచి దాన్ని గట్టిగా చదవమన్నారు. నేను చదివాను.

"స్వల్పజ్ఞాత లఘుమార్గ వినియోగ పథకం అమలు విషయమై. ఏ కార్యాలయమందు ఏ లఘుమార్గము సగమునకు మించిన సిబ్బందికి తెలిసియుండునో, అట్టిది బహుజ్ఞాతముగా పరిగణింపబడును. బహుజ్ఞాత మార్గమున నిర్వహించిన కార్యము నిర్వహింపబడనట్లే భావింపవలెను. ఏ మార్గమున పని జరిగినదో పరికరమే ఎప్పటికప్పుడు పైకి నివేదించును."

"దీని తాత్పర్యం ఏమిటయ్యా పరాంకుశం?"

"తక్కువమందికి తెలిసిన పద్ధతిలోనే పని చెయ్యాలి సార్."

"ఎంత తక్కువ?"

"ఎంత తక్కువైతే మన ఆఫీసుకు అంత మంచి ర్యాంకు సార్."

ర్యాంకు అనే మాట వినగానే ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఆయనకు ప్రమోషన్ రావలసి ఉంది, చాలాకాలంగా రావలసే ఉంది. ఆ మధ్యాహ్నమే సిబ్బంది అందరినీ హాల్లోకి పిలిపించారు. "హైమావతిగారి రెండక్షరాల పద్ధతి ఎంతమందికి తెలుసు? తెలిసినవాళ్లు చేతులెత్తండి" అన్నారు. మెచ్చుకుంటారనుకుని అందరం ఎత్తాం. చాయ్ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చిన అటెండరు యాకోబు కూడా ఎత్తాడు.

"రద్దు" అన్నారు డి.ఇ.గారు.

హైమావతి లేచి, "సార్, అందరికీ తెలుసు కాబట్టే కదా పని తొందరగా అవుతోంది?" అంది.

"అమ్మా హైమావతీ, నువ్వు పనివైపు నుంచి ఆలోచిస్తున్నావు. పథకంవైపు నుంచి ఆలోచించు."

ఆ అమ్మాయి కూర్చుంది. పథకంవైపు నుంచి ఆలోచించడం ఆమెకు చివరివరకూ చేతకాలేదు.

మూడు వేళ్ల చిటికె పోయింది, నొక్కిపట్టి జరపడం పోయింది, ఎడమకు తోయడం పోయింది. అన్నిటికీ చేతులు లేచాయి. ఇక ఎవరికివారు కొత్తవి కనిపెట్టుకోవాలి, కనిపెట్టినది పక్కవాడికి తెలియకుండా దాచుకోవాలి. పాత సర్వే గుడారాల గుడ్డ చింపి బల్లకూ బల్లకూ మధ్య తెరలు కట్టాం. క్యాషియర్‌కు తెర మీద నమ్మకం చాలక, తలమీంచి దుప్పటి కప్పుకుని ట్యాబ్ మీదికి వంగేవాడు. జలుబు చేసి ఆవిరి పడుతున్నాడనుకుని వచ్చినవాళ్లు పరామర్శించి పోయేవాళ్లు. లోపలికి వచ్చే ముందు దగ్గడం మర్యాద అయింది. కొన్నాళ్లకు ఆఫీసంతా దగ్గులు తప్ప మాటలు వినిపించేవి కావు.

దాచుకున్నవి దాగేవి కావు. ట్యాబ్‌ను ఊపితే రాసినది చెరిగిపోతుందని టైపిస్టు కనిపెట్టింది. ఎవరికీ చెప్పకుండా ఊపుకుంటూనే ఉంది పాపం. గాజులు చప్పుడు చేసి పట్టిచ్చాయి. అది కూడా బహుజ్ఞాతమైంది. అయిదు వేళ్లూ తెరమీద పెట్టి ముడిస్తే అన్నీ మూతపడతాయన్నది యాకోబుకు తెలిసింది. యాకోబుకు తెలిస్తే టీకొట్టుకు తెలుస్తుంది. అది ఆ పూటే రద్దు.

ఇలా తెలిసినవి పెరిగిపోతుంటే ర్యాంకు కిందికి పోతోంది. తెలిసినవాటిని మళ్లీ తెలియనివిగా మార్చడం ఒక్కటే మార్గమని సమర్థతా విభాగంవారు గుర్తించి, విస్మరణ శిక్షణ ప్రవేశపెట్టారు. మరచిపోవడం నేర్పడానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. పొద్దున మొదలుపెట్టి, "విస్మృతి అనగానేమి? విస్మృతికి స్మృతికి గల అవినాభావ సంబంధమెట్టిది?" అంటూ సాయంత్రందాకా చెప్పాడు. నేను చాలా శిక్షణలకు వెళ్లాను గానీ ఉద్దేశించిన ఫలితం పూర్తిగా సాధించిన శిక్షణ అదొక్కటే. సాయంత్రానికి ఎందుకు వచ్చామో మాకు గుర్తులేదు.

అయినా ఒకటి మిగిలింది. పచ్చ బటన్. "పంపించు" అని తెలుగులో, పెద్ద అక్షరాలతో, తెర అడుగున కూర్చుని ఉంటుంది. అది తెలియనివాడు భూమ్మీద లేడు. డి.ఇ.గారు రెండు రాత్రులు నిద్రపోలేదట. తరవాత మందులషాపు నుంచి దెబ్బలకు వేసే ప్లాస్టర్లు తెప్పించి, ప్రతి ట్యాబ్ మీదా పచ్చ బటన్ ఉన్నచోట ఒకటి అంటింపజేశారు. సోమవారం సోమవారం అందరం వరండాలో నిలబడి కుడిచెయ్యి చాచి ప్రమాణం చేసేవాళ్లం. "ఈ ప్లాస్టరు కింద ఏమున్నదో నాకు తెలియదు. తెలుసుకొనుటకు ప్రయత్నించను. ఎవరైనా చెప్పినచో విననని మనఃపూర్వకముగా ప్రమాణము చేయుచున్నాను." హైమావతి పెదాలు కదిలించేది గానీ గొంతు వినిపించేది కాదు. నేను గట్టిగానే చెప్పేవాణ్ణి. నాకు ఇద్దరు పిల్లలు.

మరి ఉత్తర్వులు వెళ్లేదెలా? అక్కడ మా డి.ఇ.గారి అదృష్టం కలిసివచ్చింది. ఒక సాయంత్రం ట్యాబ్ మీద దోమ వాలితే ఆయన అరచేత్తో ఫట్‌మని కొట్టారు. దోమ పోయింది. ఉత్తర్వు కూడా పోయింది. ఏ వేలు ఎక్కడ తగిలిందో, మణికట్టు ఎక్కడ తగిలిందో దేవుడికే తెలుసు. ఆ మార్గం ఆయన ఒక్కరికే తెలుసు కాబట్టి మా ఆఫీసు ర్యాంకుల పట్టికలో పైపైకి పోయింది. ఆయన్ను "ఏకైక జ్ఞాత"గా గుర్తిస్తూ అభినందన వచ్చింది. దాన్ని పటం కట్టించి గోడకు వేశారు.

తిప్పలు మర్నాటి నుంచి మొదలయ్యాయి. ఆయన గది తలుపులు వేసుకుని ట్యాబ్‌ను ఎంత కొట్టినా ఉత్తర్వు కదిలేది కాదు. చెయ్యి వాచింది. దోమ ఉంటేనేగానీ గురి కుదరడంలేదని నాతో రహస్యంగా అన్నారు. కిటికీలు తెరిపించారు, గది మూలల్లో నీళ్ల తొట్లు పెట్టించారు. దోమలు బాగానే వచ్చాయి, అందరి మీదా వాలాయి. ట్యాబ్ మీద మాత్రం ఒక్కటీ వాలలేదు. పై ఊళ్లకు ఎగువ తూముల దగ్గర కారిపోయే నీళ్లయినా ఉన్నాయి. చివరి భూములకు చుక్క లేదు.

వజ్రమ్మ నారు ఎదిగింది. ఇక దమ్ముచేసి నాట్లు వెయ్యాలి. దానికి నీళ్లు కావాలి. ఆమె మళ్లీ బెంచీ మీదికి వచ్చి కూర్చుంది. ఈసారి టీ చల్లారేలోపు అవుతుందని టిఫిన్ తెచ్చుకోలేదు. మొదటిరోజు ఆకలితో వెళ్లిపోయింది. తరవాత రోజు టిఫిన్ తెచ్చుకుంది. ఆ తరవాత రోజు గుప్పెడు నారు పీకి తెచ్చి నా బల్లమీద పెట్టింది.

"చూడు బాబూ. ముదురుతా ఉంది. ఇంకో వారం పోతే కణుపులు పడతయి. అప్పుడు నాటినా పిలకెయ్యదు. గొడ్లకి కోసి ఎయ్యటమే. మళ్లీ ఇత్తనాలు పోసుకునే కాలం గూడా దాటిపోయె. ఈ ఏడు నాకు పంట ఉందో లేదో ఆ మాట చెప్పు, పోతా."

ఆ నారు వంక చూస్తే సిగ్గేసింది. గోడ అవతల డి.ఇ.గారు ట్యాబ్‌ను కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"లోపల రోకలి పోటు ఏంది?"

"మీ ఉత్తర్వే పెద్దమ్మా. పంపుతున్నారు."

"అట్టా కొడితే పోద్దా అది?"

ఒకసారి పోయిందని చెప్పాను. ఆమె నా ట్యాబ్ చూపించమంది. చూపించాను. ఆమె పేరు, ఊరు, తూము, అంతా తయారుగా ఉంది. పంపడమే మిగిలింది. ఆమె తెరమీద ఉన్న ప్లాస్టరు వంక చూసింది.

"దెబ్బ తగిలిందా దీనికి?"

"లేదు."

"మరి దీని కిందేముంది?"

"నాకు తెలియదు" అన్నాను. సోమవారాల అలవాటు వల్ల కుడిచెయ్యి దానంతట అదే చాచుకుంది. పక్క తెర వెనక నుంచి హైమావతి దగ్గింది. ఆ దగ్గులో నవ్వు ఉంది.

వజ్రమ్మ బొటనవేలి గోటితో ప్లాస్టరు అంచు లేపి, సర్రున లాగి నా బల్లకు అంటించింది. "ఇదిగో, పంపించు అని రాసే ఉంది గదయ్యా. మా పొదుపు సంఘంలో డబ్బులు ఇట్టాగే పంపుకుంటాం మేము" అని పచ్చ బటన్ నొక్కింది. ట్యాబ్ చిన్నగా కూసింది. ఆమె చెంగు దులుపుకుని, నారు గుప్పెడు తీసుకుని, "వస్తా బాబూ" అని వెళ్లిపోయింది.

ఉద్యోగం పోయిందనుకున్నాను. అదే సమయంలో, ఎందుకు అబద్ధం చెప్పాలి, చాలా సంతోషంగా కూడా ఉంది. తెర తొలగించి చూస్తే హైమావతి రెండు చేతులతో నోరు మూసుకుని నవ్వుతోంది.

ఒక్క వంతు నీళ్లే ఆ ఉత్తర్వులో ఉన్నాయి. వజ్రమ్మ పొలంలో సగం తడిసింది. మిగతా సగానికి రెండో వంతు ఉత్తర్వు తయారుచేసి, నా ట్యాబ్‌లో పెట్టుకుని కూర్చున్నాను. బటన్ మీద కొత్త ప్లాస్టరు వేసేశాం.

మూడో రోజుకల్లా నిశాంతవర్మగారు కారులో దిగారు. కొమ్మలపూడి నుంచి పచ్చ బటన్ మార్గంలో ఒక ఉత్తర్వు వెళ్లిందని ట్యాబ్ పైకి చెప్పేసింది. డి.ఇ.గారి మొహం తెల్లబోయింది. అందరినీ హాల్లో వరుసగా నిలబెట్టారు.

"ప్లాస్టరు క్రింద గల మీట గురించి తెలిసినవారెవరు?"

చేతులు లేవలేదు. ఒక్కొక్కరినీ అడిగారు. క్యాషియర్ తెలియదన్నాడు. టైపిస్టు తెలియదంది. యాకోబు అసలు ప్లాస్టరే తెలియదన్నాడు. డి.ఇ.గారు గొంతు సవరించుకుని, "అట్టి మీట ఉన్నట్లు ఈ కార్యాలయమునకు సమాచారము లేదు సార్" అన్నారు. నా వంతు వచ్చింది. నేనూ తెలియదన్నాను. చివర హైమావతి. ఆమె ఏం చెబుతుందోనని అందరం అటే చూశాం.

"నాకూ తెలియదు సార్" అంది వినయంగా. "మీరు లెక్క వెయ్యండి సార్. మొత్తం ఎంతమందికి తెలిసినట్టు?"

నిశాంతవర్మగారు లెక్క వేశారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు.

"శూన్యం!" అన్నారు. "కోదండపాణిగారూ, మనం ఇంతకాలం ఒక్కరికి తెలిసిన మార్గమే పరాకాష్ఠ అనుకున్నాం. ఒక్కరికీ తెలియని మార్గంలో మీరు పని జరిపించారు. పథకం తన అంతిమ లక్ష్యాన్ని ఇక్కడ చేరుకుంది."

డి.ఇ.గారు దండ వేయించుకోవడానికి మెడ వంచారు. కానీ నిశాంతవర్మగారికి ప్రదర్శన కావాలి. పథకాన్ని పర్యవేక్షించే కమిటీవాళ్లనూ, జిల్లా నుంచి ఇద్దరు పెద్ద ఇంజినీర్లనూ పిలిపించుకున్నారు. "మీట సంగతి ఎవరికీ తెలియదు సరే, నొక్కినదెవరు?" అని అడిగారు. సిబ్బందిలో ఎవరూ కాదని నేను నిజమే చెప్పాను. ఆయకట్టు రైతు ఒకావిడ వచ్చి వెళ్లిందని కూడా చెప్పాను. "సిబ్బంది కానందున ఆమె పరిజ్ఞానం గణనలోకి రాదు. పిలిపించండి" అన్నారు.

యాకోబు సైకిలు మీద వెళ్లి వచ్చాడు. "రాదంట సార్. నాట్లేస్తన్నారంట. చేతులు ఖాళీ లేవంట."

"గౌరవ కమిటీ వచ్చిందని చెప్పలేదా?"

"చెప్పాను సార్. నాలుగు నారు కట్టలు అందించేదుంటే రమ్మంది."

కమిటీయే బయలుదేరింది. కార్లు గట్టు మొదట్లో ఆగిపోయాయి. ఇస్త్రీ ప్యాంట్లూ, నల్ల బూట్లూ సన్నటి గట్టు మీద చేతులు బారచాపుకుని నడిచాయి. వజ్రమ్మ తడిసిన సగంలో ఆడకూలీలతో నాట్లు వేయిస్తోంది. మిగతా సగం నెర్రెలిచ్చి ఉంది. దాని పక్కనే ఎండిపోయిన పిల్లకాలువ. కాస్త ఎగువన తూము, అక్కడ బాజీ ఫోను చేతపట్టుకుని కూర్చుని ఉన్నాడు.

నేను ముందు వెళ్లి సంగతి చెప్పాను. వజ్రమ్మ నడుం పట్టుకుని లేచి, అందరినీ ఎగాదిగా చూసింది.

"బటన్ నొక్కటం చూడటానికి ఇంతమంది వచ్చారా?"

"చూడటానికి కాదమ్మా" అన్నారు నిశాంతవర్మగారు గంభీరంగా. "చూసినచో మాకు తెలియును. మాకు తెలిసినచో మార్గము బహుజ్ఞాతమగును. కనుక మేము చూడకుండా పరిశీలిస్తాం. మిత్రులారా, వెనుదిరగండి!"

నాకు చప్పున నవ్వొచ్చింది, ఆపుకున్నాను. గట్టు మీద అంతమంది తిరగడానికి చోటు లేదు. పిల్లకాలువకు ఒకచోట గండి పడి, నీళ్లు వచ్చినప్పుడల్లా సగం అటు మురుగుకాలువలోకి పోతుంటాయి. ఆ గండి దగ్గరే కాస్త వెడల్పు ఉంది. పెద్దలంతా కాలువలోకి దిగి, గండికి అడ్డంగా, భుజం భుజం ఆనించి, పొలానికి వీపులు పెట్టి నిలబడ్డారు. డి.ఇ.గారు చివర నిలబడి కళ్లు కూడా మూసుకున్నారు.

వజ్రమ్మ చేతులు చీరకు తుడుచుకుని ట్యాబ్ అందుకుంది. ప్లాస్టరు లాగింది.

"పరాంకుశం బాబూ, నాదే గాక కింద ఇంకా శానా పేర్లున్నయే. మరియమ్మది, మీరావలిది, మా తోడికోడలిది. అందరివీ చివరి భూములే. ఇయ్యన్నీ ఏంది?"

అవన్నీ దోమ కోసం ఎదురుచూస్తున్న ఉత్తర్వులు. నేను కూడా నిబంధన ప్రకారం వెనుదిరిగాను.

"నాకేమీ కనపడటంలేదు పెద్దమ్మా" అన్నాను.

ట్యాబ్ కూసింది. మళ్లీ కూసింది. కూస్తూనే ఉంది. ఎగువన బాజీ ఫోను మోగీ మోగీ, అతను లేచి చక్రం దగ్గరికి పరుగెత్తడం వినిపించింది. తూము ఎత్తిన చప్పుడు, ఆ వెంటనే కాలువలో ఎండాకులు కదిలే చప్పుడు.

నీళ్లు ముందు బూట్లను తాకాయి. తరవాత బూట్లలోకి దిగాయి. ఒక పెద్ద ఇంజినీరు, "సార్, తడి..." అన్నాడు.

"ఎవరూ తిరగరాదు!" అన్నారు నిశాంతవర్మగారు. "ప్రక్రియ పూర్తయ్యేదాకా స్థానాలు వదలరాదు!"

ఎవరూ వదలలేదు. నీళ్లు పిక్కలదాకా లేచి వాళ్ల కాళ్లకు కొట్టుకుని, మురుగువైపు దారి దొరక్క, గిర్రున తిరిగి నెర్రెల పొలంలోకి మళ్లాయి. ఎన్నో ఏళ్లుగా శాఖ పూడ్చలేని గండి అది. ఎండిన మట్టి నీళ్లు తాగుతుంటే చిన్నగా చిటపటమంది. ఆడకూలీలు పమిటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వాళ్లలో ఒకమ్మాయి, "అత్తా, అయిపోయిందని వాళ్లకి చెప్పనా?" అని అడిగింది.

వజ్రమ్మ ట్యాబ్ నా చేతిలో పెట్టి, చీర కుచ్చిళ్లు దోపుకుని నారు కట్ట అందుకుంది.

"ఇప్పుడే చెప్పమాకే. పొలం నిండనియ్."